పది డాలర్ల బోనస్‌కు 20,000 హ్యాండ్లు

ఆన్‌లైన్ పోకర్ రూములు ఊరించే బోనస్ చాలాచోట్ల నేరుగా ఖాతాలో పడదు. ‘పెండింగ్’ అని కనిపిస్తూ ఉంటుంది. పాట్‌ల (ఆటగాళ్లు పెట్టిన పందెం సొమ్ము) నుంచి రూమ్ కోసుకునే రుసుము, అంటే రేక్‌లో మన వాటా పోగవుతున్నకొద్దీ డాలరో, రెండు డాలర్లో విడుదలవుతాయి. గడువు ముగిస్తే మిగిలింది పోయినట్టే. కాబట్టి బోనస్ ఎంతన్నది కాదు, ఎంత రేక్‌కు, ఎన్ని రోజుల్లో అన్నది ముందు చూడాలి.

లెక్క వేద్దాం. నాలుగు డాలర్ల రేక్‌కు ఒక డాలర్ విడుదలవుతుందనుకుంటే, 10 డాలర్ల బోనస్‌కు 40 డాలర్ల రేక్ కట్టాలి. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా పెట్టాల్సిన పందేలు) 1–2 సెంట్లుండే టేబుల్‌పై 100 హ్యాండ్లకు, అంటే 100 పంపకాలకు, మన రేక్ 20 సెంట్లనుకుంటే 20,000 హ్యాండ్లు ఆడాలి. గడువు 30 రోజులైతే రోజుకు దాదాపు 670. ఒక్క టేబుల్‌పై గంటకు 70 హ్యాండ్లు పడితే తొమ్మిదిన్నర గంటల పని. నాలుగు టేబుళ్లు కలిపి ఆడగలిగితే రెండున్నర గంటలు చాలు. అలవాటు లేనివాళ్లు నాలుగు తెరిస్తే బోనస్ కంటే ఎక్కువ పోగొట్టుకుంటారు. వాళ్లు పూర్తి బోనస్ మీద ఆశ వదిలి, వచ్చిన ముక్కలతో సరిపెట్టుకోవడమే మేలు.

గడువు దగ్గరపడ్డప్పుడు జరిగే తప్పు ఒకటుంది. రేక్ త్వరగా పోగవ్వాలని 5–10 సెంట్ల టేబుల్‌కు ఎక్కుతారు. అక్కడ పూర్తి బై-ఇన్ (టేబుల్‌పైకి తెచ్చే సొమ్ము), అంటే 100 బిగ్ బ్లైండ్లు (రెండు బ్లైండ్లలో పెద్దది), 10 డాలర్లు, అంటే మొత్తం బోనస్ ఒక్క హ్యాండ్‌లో పందెం. చేతిలో ఏసుల జత, అవతల రాజుల జత, ఫ్లాప్‌కు (టేబుల్‌పై తెరిచే మొదటి మూడు ముక్కలు) ముందే ఆల్ ఇన్, అంటే ఉన్నదంతా పందెం అనుకోండి. ఇంతకన్నా మంచి పరిస్థితి అరుదు. అయినా 100కు 18 సార్లు ఓడిపోతాం.

డిపాజిట్ లేకుండా నేరుగా 10 డాలర్లు చేతికిచ్చే రూముల్లో సమస్య వేరు. 1–2 సెంట్ల టేబుల్‌పై పూర్తి బై-ఇన్ 2 డాలర్లు, అంటే ఐదు అవకాశాలే. 40 బిగ్ బ్లైండ్లతో, అంటే 80 సెంట్లతో కూర్చుంటే 12 వస్తాయి. అయితే ఆట మారుతుంది. చిన్న జతకు ఫ్లాప్‌లో సెట్ (అదే అంకె మూడో ముక్క) పడేది సుమారు ఎనిమిదిన్నర సార్లకు ఒకసారే. అది గిట్టుబాటు కావడానికి, కాల్ చేసిన (అవతలి పందేనికి సమానంగా పెట్టిన) మొత్తానికి కనీసం పది, పదిహేను రెట్లు అవతలివాడి ముందుండాలి. టేబుల్‌పై తక్కువ సొమ్ముతో (చిన్న స్టాక్‌తో) అది కుదరదు. రెండుల జతకూ, 6–5 సూటెడ్‌కూ (ఒకే రంగు ముక్కలు) రెయిజ్‌ను (పెంచిన పందేన్ని) కాల్ చేస్తూ పోతే 80 సెంట్లు ఇట్టే కరిగిపోతాయి.

పోకర్ ఆటగాడు క్రిస్ ఫెర్గూసన్ 2006లో ఫ్రీరోల్స్‌తో (ప్రవేశ రుసుము లేని టోర్నమెంట్లు) సున్నా నుంచి మొదలుపెట్టి 10,000 డాలర్లకు చేరింది ఇలాంటి కట్టుబాటుతోనే. చేతిలో ఉన్నదాంట్లో 5 శాతానికి మించి క్యాష్ గేమ్‌లో (టోర్నమెంట్ కాకుండా నేరుగా డబ్బుతో ఆడే ఆట) పెట్టలేదు. మరీ తక్కువ డబ్బున్నప్పుడు మాత్రం రెండున్నర డాలర్ల వరకు సడలింపు ఇచ్చుకున్నాడు. టేబుల్‌పై ఉన్నది మొత్తంలో 10 శాతం దాటితే తన బ్లైండ్ వచ్చేలోపు లేచిపోవాలన్నది ఇంకో నియమం. చిన్న బోనస్‌తో ఆడేవాళ్లు పట్టించుకోనిది ఈ రెండోదాన్నే.

రెండో ఖాతా తెరిచి ఇంకో బోనస్ తీసుకుందామనుకుంటే, ఒకే పరికరం, ఒకే ఇంటర్నెట్ చిరునామా చూసి రూమ్ రెండు ఖాతాలనూ స్తంభింపజేస్తుంది. గెలిచిన డబ్బూ పోతుంది. విత్‌డ్రా చేస్తే పెండింగ్ బోనస్ రద్దయ్యే నిబంధన కూడా చాలాచోట్ల ఉంటుంది. అందుకే చివరి ముక్క విడుదలయ్యాకే, గుర్తింపు పత్రంలోని పేరే బ్యాంకు ఖాతాలోనూ ఉందో లేదో చూసుకుని, విత్‌డ్రా బటన్ నొక్కాలి.