నూటికి ఒక్కటి ఇవ్వలేరా?

మళ్ళీ అదే ఫోటో, పేరున్న ఫుట్‌బాలర్ ఆసుపత్రికి విరాళం ఇస్తున్నది. తలుపంత చెక్కు, అటొకరు ఇటొకరు పట్టుకుని నవ్వులు. మధ్యలో ఎటు చూడాలో తెలియక బిక్కమొహం వేసిన చిన్న పాప. ఆ పిల్ల ముఖం ఎందుకు చూపించాలి? సాయం అందాలంటే ఆ బిడ్డ జబ్బు లోకమంతటికీ తెలియాలా?

ఇంకోపక్క ఇచ్చినవాళ్ళనే తిట్టేవాళ్ళు. "అతని సంపాదనలో అదెంత?" అంటారు. 2018 ప్రపంచకప్‌లో వచ్చిన డబ్బంతా ఫ్రాన్స్ ఫుట్‌బాలర్ ఎంబాపె దానం చేశాడు. అదీ తక్కువేనా?

2017లో స్పెయిన్ ఫుట్‌బాలర్ హువాన్ మాటా తన జీతంలో ఒక శాతం కామన్ గోల్ అనే సేవాసంస్థకి ఇస్తానన్నాడు, మీరూ రండని తోటి ఆటగాళ్ళని పిలిచాడు. నూటికి ఒక్కటి! జర్మనీ ఆటగాడు హుమెల్స్, ఇటలీ ఆటగాడు కియెల్లీని వచ్చారు. మిగతా కోటీశ్వరుల్లో ఎంతమంది కదిలారు? నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఫుట్‌బాలర్ సాడియో మానేని చూడండి. సెనెగల్‌లో బంబాలి అతని ఊరు. చిన్నప్పుడు తండ్రి జబ్బుపడితే చూపించడానికి ఊళ్ళో ఆసుపత్రి లేదు. ఆయన చనిపోయాడు. 2021లో అదే ఊళ్ళో మానే డబ్బుతో ఆసుపత్రి తెరుచుకుంది. అతను మర్చిపోలేదు, అంతే.

చెక్కు ఇచ్చి, ఫోటో దిగి వెళ్ళిపోతే సరిపోతుందా? నర్సులకు నెలనెలా జీతం కావాలి. మందులు కావాలి. వచ్చే ఏడాది ఆ డబ్బు ఎవరిస్తారు? ఫోటో తీసేటప్పుడు ఒక్కరైనా ఆ మాట అడగరే!