పికప్ మార్చేముందు స్క్రూడ్రైవర్ పట్టండి

బేస్ గిటార్ సౌండ్ మసకగా ఉంటే పికప్‌లు (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు) మార్చేయమని మీరు రాశారు. అంత తొందరెందుకండీ? నేను కడపలో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయిస్తాను, నాది రెండు పికప్‌లుండే జాజ్ బేస్ తరహా గిటార్. ఒక్క పికప్‌తో వాయిస్తే సీరియల్ లైట్ల దగ్గర గుంయ్‌మని ఒకటే హమ్. రెండు వాల్యూములూ సమానంగా పెడితే పోతుంది. రెండు పికప్‌లలో కాయిల్స్ చుట్టిన దిశ, అయస్కాంతాల ధ్రువాలు ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటాయి కాబట్టి. ప్రెసిషన్ బేస్ అనే ఇంకో మోడల్‌లో 1957 నుంచి వస్తున్న రెండు ముక్కల పికప్‌కు ఈ గోల లేదు. కానీ దాన్ని నా గిటార్‌లో పెట్టాలంటే చెక్క తొలచాలి, నావల్ల కాదు బాబూ! బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లైతే సాధారణంగా వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే 250కె (కిలో ఓమ్‌ల) పాట్లు తీసి 25కె వేయాలి, 9 వోల్టుల బ్యాటరీకి చోటు చూడాలి. ఈ ఖర్చు మీరు చెప్పనే లేదు. నేను కొత్త తీగలు వేసి, స్క్రూడ్రైవర్‌తో పికప్ ఎత్తు కాస్త తగ్గించా. మసక చాలావరకు పోయింది.