తూటా తీసేస్తే గండం గడిచినట్టేనా?

పొత్తికడుపులో తూటా తగిలిన మహిళల గురించి ఒక సందేశం చాలామంది పంచుకుంటున్నారు. అందులో నాలుగు మాటలున్నాయి: ముందు తూటా తీయించాలి, రక్తం పెద్దగా కారకపోతే కంగారు అక్కర్లేదు, గర్భసంచికి తగిలితే దాన్ని తీసేయాల్సిందే, గర్భిణి అయితే సీటీ స్కాన్ జోలికి పోకూడదు. నాలుగూ తప్పే. రెండోది నమ్మితే ప్రాణమే పోతుంది కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

కాళ్లకు వెళ్లే పెద్ద రక్తనాళాలు కటి భాగం (పొత్తికడుపు కింద, తుంటి ఎముకల మధ్య ఉండే చోటు) గుండానే దిగుతాయి. వాటిలో ఒకటి తెగితే రక్తం బయటికి రావాలనేమీ లేదు, లోలోపలే లీటర్ల కొద్దీ చేరగలదు. చర్మం మీద చూస్తే చిటికెనవేలు పట్టేంత రంధ్రం, బట్టల మీద చిన్న మరక, అంతే. వయసులో ఉన్న ఆరోగ్యవంతురాలికైతే ఒంట్లో రక్తం మూడో వంతు పోయేదాకా బీపీ నిలబడే ఉండొచ్చు. ఆలోపే నాడి పరుగెడుతుంది, చేతులు చల్లబడతాయి, ముఖం పాలిపోతుంది. బీపీ బాగుంది కదా అని ఆగితే ఆ కాస్త వ్యవధీ చేజారుతుంది.

పైగా తూటా దూరిన చోటే గాయం ఉంటుందని లేదు. పిరుదులోనో తొడ పైభాగంలోనో దిగిన తూటా ఎముకకు తగిలి, దారి మళ్లి, పేగుల దాకా పోగలదు. అందుకే ఒంటి మీది రంధ్రాలనూ ఎక్స్‌రేలో కనిపించే తూటాలనూ కలిపి లెక్కపెడతారు. దూరిన ప్రతి రంధ్రానికీ జంటగా బయటపడ్డ రంధ్రమో లోపల మిగిలిన తూటానో ఉండాలి కాబట్టి మామూలుగా సరి సంఖ్య రావాలి. బేసి వచ్చిందంటే మళ్లీ వెతకాల్సిందే. వెల్లకిలా పడుకోబెట్టి చూసి ఊరుకుంటే రెండో రంధ్రం పిరుదుల మధ్య మడతలో ఉండిపోతుంది.

ఆ సందేశంలో అసలు లేని సంగతే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. యోని నుంచి రక్తం కనిపిస్తే నెలసరి అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. మొహమాటంతో లోపలి పరీక్ష దాటవేసే ప్రమాదమూ ఉంది. యోనిని స్పెక్యులమ్ అనే పరికరంతో తెరిచి చూడాలి, మలద్వారాన్ని వేలితోనూ లోపల చూసే గొట్టం (స్కోపు)తోనూ చూడాలి, మూత్రంలో రక్తం ఉందేమో చూడాలి. మూత్రాశయం మీద అనుమానముంటే గొట్టం ద్వారా 300 మిల్లీలీటర్లకు తక్కువ కాకుండా ఎక్స్‌రేలో కనిపించే మందు నింపి ఫొటోలు తీయాలి. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే మూత్రనాళం తెగినా మూత్రం తేటగానే రావచ్చు. ఈ గాయాలు కనిపెట్టకుండా వదిలేస్తే కొన్నాళ్లకు మూత్రమో మలమో యోనిలోంచి కారడం మొదలుకావచ్చు. దుప్పటి కప్పి, పక్కన నర్సును ఉంచుకుని, ఏం చేయబోతున్నారో ఆమెకు చెప్పి చేస్తే ఈ పరీక్షకు పట్టేది నిమిషాలే.

ఇక తూటా తీయడం. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చినప్పుడు వైద్యులు కడగని వేళ్లు గాయంలో పెట్టి తూటా కోసం కెలికారు. చీము పట్టి, రెండున్నర నెలలకు ఆయన చనిపోయారు. తూటా చేసిన చేటు దాని దారి పొడుగునా ఉంటుంది. ఆపాల్సింది రక్తస్రావాన్ని, మూయాల్సింది పేగునూ మూత్రాశయాన్నీ. కండలో కదలకుండా కూర్చున్న తూటాను చాలాసార్లు అలాగే వదిలేస్తారు. కీలులోనో మూత్రాశయంలోనో ఉంటే మాత్రం తీస్తారు. కీలు ద్రవంలో సీసం కరిగి ఒంట్లోకి చేరుతుంది.

గర్భసంచి మాటకొస్తే, గర్భం లేనప్పుడు అది చిన్నది, ఎముకల చాటున ఉంటుంది, దెబ్బ తగలడమే అరుదు. తగిలినా ఎక్కువగా కుట్లతో సరిపోతుంది. రక్తం ఎంతకీ ఆగకపోతేనే తొలగిస్తారు. ఒక అండాశయం పోయినా రెండోది మిగిలితే బిడ్డలు పుట్టే అవకాశం ఉంటుంది.

గర్భిణికి సీటీ వద్దనడం మరీ అన్యాయం. ఒకసారి కడుపు, కటి స్కాన్ తీస్తే బిడ్డకు చేరే రేడియేషన్ సాధారణంగా 50 మిల్లీగ్రేలకు లోపే. ఆ మోతాదులో అవయవలోపాలు పెరిగినట్టు తేలలేదు. తల్లి దక్కకపోతే బిడ్డ ఎలా దక్కుతుంది? అయితే బీపీ పడిపోతున్న మనిషిని స్కానింగ్ గదికి తిప్పకూడదు, నేరుగా థియేటర్‌కే తీసుకెళ్లాలి. అయిదో నెల దాటితే ఎడమ పక్కకు కాస్త ఒరిగేలా పడుకోబెట్టాలి, లేకపోతే గర్భసంచి బరువు పెద్ద సిరను నొక్కేస్తుంది. ఆమె రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే బిడ్డ రక్తం మీద ఆమె ఒళ్లు ఎదురుతిరగకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్‌ను 72 గంటల్లోపు ఇవ్వాలి. ఆపరేషన్ హడావిడిలో దీన్ని మరిచిపోకుండా ముందే కేస్ షీట్‌లో రాసిపెట్టాలి.