చెక్కుకు ఉన్న వేగం చికిత్సకు లేదా?

వానలు మొదలైతే చాలు, చెట్టుకొమ్మతోపాటు కరెంటు తీగ కూడా తెగి రోడ్డు మీద పడటం బెంగళూరులో మామూలైపోయింది. ఎవరైనా దాన్ని తొక్కితే ఆ తర్వాతి తంతు నగరానికి కంఠస్థమే. కొందరు ఇంజనీర్ల సస్పెన్షన్, మంత్రిగారి విచారం, పరిహారం ప్రకటన. 2023 నవంబరులో హోప్‌ఫారం కూడలి దగ్గర ఫుట్‌పాత్‌ మీది తీగకు ఓ తల్లి, ఆమె తొమ్మిది నెలల పసిబిడ్డ బలైనప్పుడూ ఇదే చూశాం. తీగను ఎలుకలు కొరికాయన్న మాట కూడా అప్పుడే విన్నాం. ఎలుకల్ని సస్పెండ్ చేయడం కుదరదు కదా, ఇంజనీర్లతో సరిపెట్టారు.

తీగ ఎందుకు తెగిందో విచారిస్తారు. తగిలిన మనిషికి మొదటి పది నిమిషాల్లో ఏం అందిందో మాత్రం ఎవరూ అడగరు. మా అభ్యంతరం అక్కడే.

కేబుళ్లు భూమి లోపలికి మారుస్తున్నామని, ఈ ట్రాఫిక్‌లో అంబులెన్సు ఎగిరి రాలేదని అధికారులు అంటారు. కావచ్చు. కానీ షాక్ తగిలినవాడి ప్రాణం అంబులెన్సు కంటే ముందే తేలిపోతుంది. ఇంటి కరెంటు 230 వోల్టులే గుండె లయ తప్పించడానికి సరిపోతాయి. గుండె ఆగాక ఛాతీ నొక్కేవాళ్లు, గుండెను మళ్లీ లయలో పెట్టే ఏఈడీ యంత్రం లేకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున పడిపోతుంది. అతన్ని ముట్టుకోవాలన్నా ముందు కరెంటు ఆగాలి. ఇంట్లో అయితే మెయిన్ కట్టేయొచ్చు. 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల లైను తెగిపడితే కర్ర పట్టుకుని వెళ్లినవాడూ పోతాడు, చుట్టుపక్కల నేల కూడా షాక్ కొడుతుంది. దాన్ని ఆపగలిగేది నగరానికి కరెంటిచ్చే ప్రభుత్వ సంస్థ బెస్కాం ఒక్కటే. ఆ బెస్కాంకు చెప్పాలంటే 1912కు ఫోను చేయాలి. ఫ్యూజు పోయినా, బిల్లు తప్పొచ్చినా, మనిషి తీగకు అంటుకున్నా అదే నంబరు. వాన కురిసిన సాయంత్రం ఆ లైను దొరకడం ఎంత కష్టమో పాఠకులకు మేం చెప్పనక్కర్లేదు.

విద్యుత్ శాఖకు ఇవన్నీ తెలియవా? షాక్ తగిలిన మనిషిని ఎలా బతికించాలో రాసిన పటాన్ని సబ్‌స్టేషన్లలో కనిపించేలా తగిలించాలని 1956 నాటి విద్యుత్ నిబంధనలే చెప్పాయి. అంటే ప్రథమ చికిత్స తమ సిబ్బందికి అవసరమని ఒప్పుకుని ఏడు దశాబ్దాలు కావస్తోంది. అదే తీగ కింద నడిచే జనానికి అక్కర్లేదా?

వర్తూరు, సర్జాపుర రోడ్డు వైపు సైట్లలో సెంట్రింగ్ పనిచేసేవాళ్లలో మన కర్నూలు, అనంతపురం కూలీలు ఎందరో. ఇనుపరాడ్డు ఎత్తుతుంటే పై లైను తగులుతుంది. అరచేతిలో రూపాయి బిళ్లంత నల్లమచ్చ, అరికాల్లో ఇంకొకటి. ఇంతే కదా అని వీధి చివరి క్లినిక్కులో ఆయింట్‌మెంటు రాసి పంపేస్తారు. లోపల కండ ఉడికిపోయి ఉంటుంది. అందులోంచి వచ్చే పదార్థం కిడ్నీలను దెబ్బతీస్తుంది, తెల్లారేసరికి మూత్రం కూల్‌డ్రింకు రంగుకు తిరుగుతుంది. అతనికి కావాల్సింది ఈసీజీ, సెలైను. పీజీ హాస్టలు వంటగదిలో గ్యాసు అంటుకుని కాలిన వంటమనిషికైతే అంతకన్నా చవకైన మందు ఉంది. కుళాయి నీళ్లు 20 నిమిషాలపాటు ధారగా పోయడం, వాపు రాకముందే ఉంగరం, వాచీ తీసేయడం, శుభ్రమైన గుడ్డ కప్పడం. మనవాళ్లు పూసేది టూత్‌పేస్టు.

ఆసుపత్రికి చేరినా ‘మా దగ్గర బర్న్స్ వార్డు లేదు, విక్టోరియా ఆసుపత్రికి తీసుకెళ్లండి’ అనేస్తే వైట్‌ఫీల్డు నుంచి దాదాపు 20 కిలోమీటర్లు. అత్యవసర చికిత్స నిరాకరించరాదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. సెలైను ఎక్కించి, ఈసీజీ చూసి పంపడానికి బర్న్స్ వార్డు ఎందుకు?

రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స పథకాన్ని కేంద్రం 2025లో తెచ్చింది. మంచిదే. కానీ ఒకే రోడ్డు మీద లారీ గుద్దినవాడికి అది వర్తిస్తుంది, కరెంటు తీగ తగిలినవాడికి వర్తించదు. ఎవరి లారీయో చేసిన గాయానికి ఖజానా తెరుచుకుంటుంది. సర్కారు సొంత తీగ చేసిన గాయానికి మాత్రం మనిషి చచ్చాకే చెక్కు కదులుతుంది. శవానికి వెల కట్టడంలో ఉన్న చురుకు, బతికుండగా సెలైను ఎక్కించడంలో ఎందుకు లేదు?

అత్యవసర నంబరు 112కు చేసిన ఫోను అప్పటికప్పుడు ఆ ప్రాంత సబ్‌స్టేషన్ ఆపరేటరు చెవిన పడే ఏర్పాటుకు కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు. సైటుకు, పీజీకి కరెంటు కనెక్షను ఇచ్చేటప్పుడే ప్రథమ చికిత్స నేర్చిన మనిషి ఒకరుండాలన్న షరతు పెట్టడానికీ అక్కర్లేదు. ఇంధన శాఖ, ఆరోగ్య శాఖ మంత్రులు ఒకే ప్రభుత్వంలో ఉన్నారు. ఒక గదిలో కూర్చోవడానికి ఇంకెన్ని శవాలు లేవాలి? ఈసారి పరిహారం ఎంతో మాకు చెప్పొద్దు. 112, 1912 ఈ రెండు నంబర్లు ఎప్పటికి కలుపుతారో తేదీ చెప్పండి.