మూడో వేసవి లెక్క ఏది?

తొలకరి పడగానే సింగరేణి ప్రాంతంలోని ఓబీ గుట్టల (ఓవర్‌బర్డెన్, అంటే బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి, రాళ్ల దిబ్బల) మీదికి మొక్కలు చేరతాయి. నాయకులు, అధికారులు వచ్చి మొక్కలు నాటి, ఈ ఏటి సంఖ్యను ప్రకటించి వెళతారు. నిరుడు, అంతకు ముందేడు నాటినవాటిలో మే నెల ఎండను దాటి నిలిచినవి ఎన్ని అన్న సంఖ్య మాత్రం అదే వేదిక మీద అంత గట్టిగా వినిపించడం లేదు. నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ గని మింగిన అడవిని తిరిగి నిలబెట్టామని చెప్పుకోవడానికి నాటిన లెక్క చాలునన్న ఈ ఆనవాయితీని మేము అంగీకరించలేము.

ఓబీ గుట్ట మామూలు నేల వంటిది కాదు. భూగర్భం నుంచి పేల్చి తీసిన ఇసుకరాయి, పెళ్లలు, పొడిమట్టి కలిసి పోగుపడిన దిబ్బ అది. తవ్వకానికి ముందు పైమట్టిని విడిగా తీసి దాచి, చివరికి దాన్నే మళ్లీ పరిస్తే తప్ప అక్కడ మొక్కకు తిండి దొరకదు, తడి నిలవదు. గోదావరి లోయలోని ఈ బొగ్గు ప్రాంతంలో ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు మధ్యనే కురిసిపోతుంది. మిగిలిన ఎనిమిది నెలలూ, రామగుండం, కొత్తగూడెం ఎండల్లో, వేరు ఇంకా లోతుకు దిగని మొక్క ఆ రాళ్ల మధ్య బతకాలంటే మొదటి రెండు మూడు వేసవులైనా నీటి తడి అందాలి. గనిలో ఊరే నీటిని తోడక ఎలాగూ తప్పదు. బొగ్గు లారీల దారిలో దుమ్ము అణచడానికి తిరిగే ట్యాంకరు గుట్ట మీది మొక్క దాకా ఎందుకు వెళ్లదు?

అమెరికాలోని కొలరాడో పశ్చిమ ప్రాంతపు బొగ్గు గనుల్లో ఆస్పెన్ చెట్లను తిరిగి పెంచడానికి పడుతున్న పాట్లను మన అధికారులు గమనించాలి. ఆస్పెన్ ప్రధానంగా వేరు పిలకలతో విస్తరిస్తుంది. యూటాలో ‘పాండో’ అని పిలిచే తోపు సుమారు 43 హెక్టార్లలో 47 వేల కాండాలతో కనిపించినా, కింద ఉన్నది ఒకటే వేళ్ల అల్లిక. గని కోసం పైమట్టిని ఒలిచినప్పుడు ఆ వేర్లు తెగిపోతాయి, విత్తనంతో మొలిపించాలంటే తడి ఆరకుండా చూడాలి. అందుకే అక్కడ జింకలు మేయకుండా కంచె కట్టి, కలుపు తీసి, అదనంగా నీరు పెట్టి చూస్తున్నారు. అంతకన్నా ముఖ్యమైనది అక్కడి చట్టం. 1977 నాటి ఉపరితల గనుల చట్టం ప్రకారం, చివరిసారి విత్తనం, ఎరువు, నీరు అందించిన ఏడాది తర్వాత అయిదేళ్ల పాటు పచ్చదనానికి కంపెనీయే పూచీ పడాలి. ఏటా 26 అంగుళాలు, అంతకు తక్కువ వాన పడే చోట పదేళ్లు పూచీ పడాలి. అంటే నీరు పెట్టినంత కాలమూ పూచీ గడువు మొదలే కాదు. చెట్టు తన కాళ్ల మీద తాను నిలబడిందని రుజువయ్యేదాకా కంపెనీకి విముక్తి లేదు.

మన దగ్గర 2009లో కేంద్ర బొగ్గు శాఖ గనుల మూసివేత మార్గదర్శకాలు తెచ్చి, ఓపెన్‌కాస్ట్ గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయల చొప్పున ఎస్క్రో ఖాతాలో (పని జరిగాకే డబ్బు వదిలే పూచీ ఖాతాలో) జమ చేయాలని చెప్పింది. తవ్వకం ముగిశాక గని నేలలో మళ్లీ గడ్డి పెంచాలన్న షరతును లీజుల్లో చేర్చాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. షరతులు ఉన్నాయి, డబ్బూ ఉంది. నీరు ఆపిన తర్వాత ఎన్ని బతికాయో లెక్కపెట్టి, ఆ లెక్క మీదనే డబ్బు వదిలే పట్టుదల కావాలి.

నిటారు వాలు మీద ప్రతి మొక్కకూ నీరు మోయడం ఖర్చుతో కూడిన పని అని, నీటికి అలవాటుపడిన మొక్క తర్వాత తట్టుకోలేదని కొందరు నిపుణులు చెబుతారు. అది నీరు ఎంత, ఎన్నాళ్లు పెట్టాలో తేల్చుకోవడానికి పనికొచ్చే మాటే గానీ, బతికినవాటిని లెక్కపెట్టకుండా ఉండటానికి సాకు కాదు.

ఇక్కడే ప్రభుత్వపు రెండు నాల్కల ధోరణి బయటపడుతోంది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊళ్లో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచి, కార్యదర్శి చర్యకు గురవుతారు. చేతిపంపు నీటితో, ఉపాధి కూలీలతో నెట్టుకొచ్చే పంచాయతీకి 85 శాతం నిబంధన పెట్టిన రాష్ట్రానికే సింగరేణిలో 51 శాతం వాటా ఉంది. సర్పంచికి వర్తించిన కొలత సొంత కంపెనీకి ఎందుకు వర్తించదో ప్రభుత్వం చెప్పి తీరాలి.

ఈ ఆనవాయితీ సింగరేణితో ఆగదు. 2020 నుంచి కేంద్రం వాణిజ్య తవ్వకానికి కూడా బొగ్గు బ్లాకులను వేలం వేసి ప్రైవేటు కంపెనీలకు ఇస్తోంది. ప్రభుత్వ కంపెనీయే నాటిన లెక్కతో గట్టెక్కితే, రేపు ప్రైవేటు యజమాని అదే కాగితం చూపి వెళ్లిపోతాడు. అప్పుడు అతడిని నిలదీసే నైతిక హక్కు ఏ అధికారికీ ఉండదు. పోయిన అడవిలో ఇప్పపువ్వు, తునికాకు ఏరుకుని బతికిన కోయ, నాయకపోడు కుటుంబాలకు సుబాబుల్, నీలగిరి వరుసలు బదులు కావు. అవి కూడా ఎండిపోతే చెప్పేదేముంది?

వచ్చే మే నెలాఖరున, మూడేళ్ల కిందట నాటిన ప్రతి గుట్ట మీదా స్వతంత్ర బృందంతో చెట్లు లెక్కపెట్టించి, గని పేరుతో సహా ఆ సంఖ్యను ప్రకటించాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. సర్పంచికి నోటీసు పంపగలిగిన ప్రభుత్వానికి, తన డైరెక్టర్లు కూర్చునే బోర్డుకు ఒక ఉత్తరం రాయడం కష్టం కాకూడదు.