తూర్పు హద్దు: చింతతోపు

విలీనాల గురించి కందుకూరోళ్ళకి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. నెల్లూరు జిల్లాలో ఉన్నవాళ్ళం 1970లో ఒంగోలు కిందికి వచ్చాం. 2022లో మళ్ళీ నెల్లూరుకి పోయాం. ఊరు అంగుళం కదల్లేదు, మారింది ఫోల్డరు. కాబట్టి కోర్‌బూట్‌లో రెండు ఫోల్డర్లని కలిపేయాలని తలపెట్టిన ఘోరం మీద నోరు విప్పే హక్కు నాకుంది.

కోర్‌బూట్ అంటే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్. పవర్ బటన్ నొక్కినాక, విండోసో లినక్సో కళ్ళు తెరవకముందే ర్యామునీ, ప్రాసెసరుకి తోడుండే చిప్పుల జట్టు చిప్‌సెట్‌నీ నిద్రలేపేది. 1999లో లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో లినక్స్‌బయోస్‌గా పుట్టి, 2008లో పేరు మార్చుకుంది. క్రోమ్‌బుక్కుల్లో ఉండేది ఇదే.

కొత్త చిప్‌సెట్ వచ్చిందంటే దానికి కోడ్ కావాలి. అక్కడి పెద్దలు చూపిన దారి ఒకటుంది, మా ఊరి దస్తావేజు రైటరు దారి. మా బాబాయి కయ్య కొన్నప్పుడు ఆయన ఇంకెవరిదో పాత దస్తావేజు ముందు పెట్టుకుని, పేర్లు మార్చి, తేదీ మార్చి, చకచకా దించేశాడు. ఇంటికొచ్చి చదివితే తూర్పు హద్దు చింతతోపు. మా కయ్యకి తూర్పున ఉండేది తారురోడ్డు. ‘ఇదేంది సామీ’ అని బాబాయి పోయి అడిగితే, ‘మోడల్ అదే గదబ్బయా, చేతులు మారింది గదా, ఇంకేం కావాల’ అన్నాడు. పాత చిప్‌సెట్ పేరు కొత్త చిప్‌సెట్ ఫైలు కామెంట్లో కనబడితే అందుకే నాకు ప్రాణం లేచొస్తుంది.

2013లో ఇంటెల్ వాళ్ళ ప్రాసెసరు హాస్వెల్ వచ్చింది. దాని కోడ్ కాపురం నార్త్‌బ్రిడ్జ్ ఫోల్డర్లో, జత చిప్ లింక్స్ పాయింట్ కాపురం సౌత్‌బ్రిడ్జ్‌లో. మరుసటేడు దాని తమ్ముడు బ్రాడ్‌వెల్ వస్తే ఎస్‌ఓసీ అనే ఇంకో ఫోల్డర్లో వేరే ఇల్లు కట్టారు. లోపల చాలావరకు అవే గోడలు, అవే గూళ్ళు. ఇప్పుడు ఈ రెండు వాటాల్నీ కలపాలంటున్నారు. ఒకచోట దిద్దిన తప్పు రెండోచోట అట్నే ఉండిపోతోందని ఫిర్యాదు. ఉండదా మరి? అన్న తన మిద్దె కారకుండా పూత పూయించుకుంటే తమ్ముడి మిద్దె కారడం ఆగాలని ఏ శాస్త్రంలో రాశారు?

కలిపే పద్ధతి ఇంకా వింత. ముందు రెండు ఫైళ్ళకీ ఒకే రకంగా తల దువ్వుతారు: పేర్లు, ఖాళీలు, వరసలు. దువ్విన ప్రతిసారీ బిల్డ్ టైమ్‌లెస్ అనే మీట వేసి, తేదీ గొడవ లేకుండా కంపైల్ చేసి, చివర్న తయారయ్యే ఫైలు బైనరీలో ఒక్క బైటు కూడా మారలేదని రుజువు చూపిస్తారు. ఏమీ మారలేదని రుజువు చేస్తే అక్కడ మెచ్చుకోలు. అదే పని ముప్పై ఏళ్ళు చేసి రిటైరైనోళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు, ఒక్కరికీ శాలువా కప్పిన పాపాన పోలేదు.

ఒక్క మాట మాత్రం నవ్వకుండా చెప్తాను. కలిపేసిన కామన్ కోడ్‌లో వేలు పెడితే దాన్ని వాడే ప్రతి మదర్‌బోర్డుకీ తగులుద్ది. అందులో సగం బోర్డులు ఎవరి అటక మీదున్నాయో, వాటిని దించి పరీక్ష చేసేదెవరో తెలీదు. లేవని ల్యాప్‌టాప్ లోపం చెప్పుకోలేదు కూడా, నల్లగా చూస్తా కూర్చుంటుంది.

మొన్న బాబాయి కొడుకు ఆ కయ్యలో సగం అమ్మాడు. రైటరు పోయాడు, కుర్చీలో ఆయన కొడుకున్నాడు, కంప్యూటరుతో. పాత దస్తావేజు స్కాన్ చేసి, పేర్లు మార్చి, పది నిమిషాల్లో ప్రింటు చేతిలో పెట్టాడు. తూర్పు హద్దు: చింతతోపు.