తొందరగా ఉందా? అయితే మీరే కట్టుకోండి

సోలార్ ప్లాంట్లు పెట్టేవాళ్లకి ఇంకా సరిపడా కష్టాలు రాలేదని నా గట్టి అభిప్రాయం. భూమి లీజుకి తీసుకుంటారు, బ్యాంకులో అప్పు పుట్టిస్తారు, ప్యానెళ్లు దింపుకుంటారు, ఆ తర్వాత "గ్రిడ్ కనెక్షన్ ఎప్పుడిస్తారండీ" అంటూ కరెంటు సంస్థ ప్రాణం తీస్తారు. పాపం సంస్థవాళ్లు మాత్రం ఏం చేస్తారు? మా వంతు వచ్చేసరికి ఆలస్యమవుతుంది, తొందరుంటే లైనూ, సబ్‌స్టేషన్లో బే (అంటే ఆ లైను వచ్చి కలిసే చోటు) మీరే కట్టుకోండి, మేం దగ్గరుండి చూస్తాం అంటారు. అలా చూసినందుకు సూపర్‌విజన్ ఛార్జీలు కూడా కట్టాలి, ఊరికే చూడటానికి వాళ్లకేమైనా పనిలేదా?

ఇదేదో మన దగ్గరే ఉన్న వింత అనుకోకండి. అమెరికాలో కరెంటు వ్యవహారాలు చూసే ఫెడరల్ కమిషన్ 2018లో 845వ నంబరు ఆర్డరిచ్చింది. అంతకుముందు, అడిగిన తేదీకి కట్టివ్వలేమని సంస్థ చేతులెత్తేస్తేనే డెవలపర్‌కి సొంతంగా కట్టుకునే వీలుండేది. ఆ ఆర్డరుతో, సంస్థ కట్టగలిగినా సరే, కొన్ని రకాల పనులు నేనే చేసుకుంటానని డెవలపర్ అనొచ్చు. గొప్ప స్వేచ్ఛ. డిజైనుకి సంస్థ ఒప్పుకోవాలి, పని మధ్యలో ఏది నచ్చకపోయినా సరిచేసివ్వాలి, కట్టేటప్పుడు ఏ దావా వచ్చినా నష్టం మీరే భరించాలి, అంతా అయ్యాక అప్పగించి రావాలి. చూసినందుకు ఖర్చు రాబట్టుకోవచ్చని ఆ మరుసటి ఏడాదే అక్కడా తేల్చేశారు. సూపర్‌విజన్ దగ్గర బెజవాడా, వాషింగ్టనూ ఒకటే.

మా బెజవాడ డెవలపర్ల సంగతికొస్తే, ఆఫీసు బెంజి సర్కిల్ దగ్గర ఉంటుంది, ప్లాంటు అనంతపురం వైపు ఉంటుంది (ఎండకి ఇక్కడా లోటు లేదు, ఎకరం రేటుతోనే చిక్కు). ప్లాంటుకీ సబ్‌స్టేషన్‌కీ మధ్యలో ఉండేది రైతు పొలం. విద్యుత్ చట్టంలో సెక్షన్ 164 కింద పొలాల్లో టవర్లు వేసే అధికారాలున్న సంస్థ జీపు వెళ్లి ఆగితే ఒక లెక్క, ఇన్నోవాలోంచి దిగిన కాంట్రాక్టర్ వేరుశనగ చేలోకి టేపు పట్టుకుని నడిస్తే ఇంకో లెక్క. టవర్ కాళ్లు పడే చోటుకి భూమి విలువకి రెండింతలు, తీగల కింద జాగాకి 30 శాతం ఇవ్వాలని కేంద్రం 2024 జూన్‌లో మార్గదర్శకాలిచ్చింది, పాత లెక్క 85 శాతమూ, 15 శాతమూనూ. ఆ కాగితం రైతు ఫోన్లో ఉంటుంది. కాంట్రాక్టర్ ఎస్టిమేట్లో మాత్రం పాత లెక్కే ఉంటుంది.

సరే, టవర్లు లేచాయి, బ్రేకరొచ్చింది, కరెంటునీ వోల్టేజీనీ కొలవడానికి సీటీలూ పీటీలూ బిగించారు. ఇప్పుడు సబ్‌స్టేషన్లో లైన్లన్నీ కలిసే బస్‌కి కలపాలంటే సంస్థ ఎల్‌సీ (లైన్ క్లియర్) ఇవ్వాలి, అంటే కాసేపు సరఫరా ఆపాలి. ఎండాకాలం అడిగితే ఏసీల లోడు, ఇప్పుడెలా ఆపుతాం అంటారు. వానాకాలం అడిగితే ఈ తడిలో పనేంటి అంటారు. దసరాకి అసలు అడగకూడదు, అది అందరికీ తెలుసు. ఈలోగా బ్యాంకు వడ్డీకి మాత్రం ఎవరూ ఎల్‌సీ ఇవ్వరు.

అన్నిటికన్నా నాకు నచ్చింది గడువు. వేరే రాష్ట్రాలకి అమ్మే సోలార్ కరెంటుకి, 2025 జూన్ 30 లోపు ప్లాంటు నడిస్తే ట్రాన్స్‌మిషన్ ఛార్జీలు మొత్తం మాఫీ అన్నారు. దాటితే ఆ మాఫీ ఏడాదికి 25 శాతం చొప్పున తరుగుతుంది. లైను సంస్థ కడుతూ ఆలస్యం చేస్తే కనీసం మన విద్యుత్ నియంత్రణ కమిషన్ ముందుకెళ్లి, తప్పు నాది కాదు మహాప్రభో అని మొత్తుకోవచ్చు. తనే కట్టుకున్నవాడు ఎవరి మీద పిటిషన్ వేస్తాడు? వాడు కోట్లు పోసి కొనుక్కున్నది లైను కాదు, తిట్టడానికి ఎవరూ మిగలకుండా చేసుకునే హక్కు. ఖర్చు కాస్త ఎక్కువే అయినా అలాంటి ప్రశాంతత ఇంకెక్కడ దొరుకుతుంది?

అప్పగింత రోజు కొబ్బరికాయ కొట్టి, స్వీట్లు పంచి, అందరూ ఫొటో దిగుతారు. గుడికి ట్యూబ్‌లైట్ ఇచ్చినవాడు కూడా దాని మీద తన పేరు రాయించుకుంటాడు, ఇక్కడ ఆ ముచ్చటా లేదు. బే ఇక సంస్థది. కొన్నాళ్లకి బ్రేకర్ ట్రిప్పయితే డెవలపర్‌కి ఫోనొస్తుంది.

"సార్, మీ బ్రేకర్ పడిపోయింది, మనుషుల్ని పంపండి, వారంటీలోనే ఉంది కదా."

"అలాగేనండీ, మావాళ్లు వచ్చి ప్యానెల్ తెరిచి చూస్తారు."

"తెరవడమేంటి సార్? అది మా ప్యానెల్!"